నాణెం మీది పేరును వెంటనే నమ్మకమ్మా

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

ఫ్రాన్సులోని పువాతియేలో చదువుకుంటూ మధ్యయుగపు ఫ్రెంచి సామంతుల నాణేలు సేకరించబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పినప్పటి నుంచి నాకు సంతోషమూ బెంగా కలిసే ఉన్నాయి. మన ఇంట్లో నా తరువాత ఆ చిన్న వెండి బిళ్ళల జోలికి వచ్చినదానివి నువ్వొక్కతివే.

రసీదు లేనిది కొనవద్దు. అంచులు పట్టుకునే చూడు. తూకం, కొన్న తేదీ రాసిపెట్టుకో.

తూర్‌లో ఉద్యోగం చేసే రోజుల్లో నేను మెల్ ఊరి దెనియే, అంటే ఆ కాలపు చిన్న వెండి నాణెం, ఒకటి కొన్నాను. మెల్ మీకు దగ్గరే. వెండి గనుల ఊరు. 864లో బట్టతల చార్లెస్‌గా పేరుపడ్డ రాజు పీత్ర్ శాసనంలో అనుమతించిన కొద్ది టంకశాలల్లో అదొకటి. సిలువ చుట్టూ ‘కార్లుస్ రెక్స్’ (లాటిన్‌లో ‘చార్లెస్ రాజు’) అని మసకగా కనబడగానే అది ఆ రాజు కాలపుదేనని నిశ్చయించుకుని, అక్షరాలు తేటగా చూడాలన్న ఆత్రంలో, అమ్మ ఇత్తడి కుందులు తోమినట్టు చింతపండుతో తోమాను. వెండిలో రాగి కలిసిన ఆ పల్చటి బిళ్ళ మీద మకిలితో పాటు అక్షరాల అంచులూ పోయాయి.

తరువాత ఒక పరిశోధకుడికి చూపిస్తే ఆయన చాలాసేపు మాట్లాడలేదు. రాజుల పట్టు సడలి టంకశాలలు కౌంటులనే సామంత ప్రభువుల, బిషప్పుల, మఠాల చేతికి వెళ్ళాక కూడా, జనానికి అలవాటైన నాణెం చెల్లుబాటు చెడకూడదని పువాతియే, మెల్ ఉన్న పువాతూ సీమ కౌంటులు చనిపోయిన చార్లెస్ పేరునే 1000వ సంవత్సరం దాటాక కూడా ముద్రిస్తూ వచ్చారని, అటువంటి నాణెం ఏ తరానిదో అక్షరాల పోకడను బట్టి, వెండి పాలును బట్టి పోల్చుకోవాలని చెప్పారు. నేను తోమి పోగొట్టింది ఆ పోకడనే. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. నువ్వు ఆ పని చేశావని వింటే మాత్రం ఊరుకోను.

పేరు నిజం చెప్పే నాణేలూ ఉన్నాయి: ఇంగ్లండు రాజు సింహహృదయుడు రిచర్డ్ పువాతూలో తన పేరుతోనే ముద్రించాడు. షాంపేన్ సీమ కౌంటుల ప్రొవాఁ ఊరి నాణెం మీద దువ్వెన ఉంటుంది, చూస్తే ముచ్చటపడతావు. 1262లో ఫ్రాన్సు రాజు తొమ్మిదవ లూయీ, రాజు నాణెం దేశమంతటా, సామంతుల నాణెం వారి సొంత సీమలోనే చెల్లాలని శాసించిన తరువాత వీటి ప్రాభవం తగ్గింది.

నాకు నిద్ర పట్టనివ్వని భయం మరొకటి. పొలంలో దొరికిందని చెప్పి ఎవరైనా చవకగా ఇస్తే ముట్టుకోకు తల్లీ. అక్కడ అనుమతి లేకుండా లోహశోధక యంత్రంతో పాతకాలపు వస్తువులు వెతకడం నేరం. పరాయి దేశంలో ఒంటరిగా ఉన్న పిల్లవు.

ఆ అరిగిన దెనియేను పొట్లం కట్టి ఉంచాను. సంక్రాంతికి వచ్చినప్పుడు తీసుకువెళ్ళి నీ పెట్టెలో మొదటి గడిలో పెట్టుకో.