మీ ప్రశ్న – మా జవాబు: మిల్లు బూడిద, కాలిన ఆయిల్, ఎర్ర మడ్డి

ప్రశ్న: మాది పర్లాకిమిడి దగ్గర ఉప్పుడు బియ్యం మిల్లు. రోజుకు 20 టన్నుల ధాన్యం ఆడుతుంది. ఊక బూడిద డాబాల మీద, ఆరేసిన బట్టల మీద పడుతోందని చుట్టుపక్కల వాళ్ళతో గొడవ. ధాన్యం నానబెట్టిన నీళ్ళు కాలువలోకి వదిలితే కుళ్ళు వాసన. కాలుష్య నియంత్రణ మండలి నోటీసు కూడా ఇచ్చింది. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక మిల్లు యజమాని

జవాబు: ముందు లెక్క చూసుకోండి. ధాన్యంలో అయిదో వంతు ఊక, ఊకలో మళ్ళీ దాదాపు అయిదో వంతు బూడిద. అంటే రోజుకు 4 టన్నుల ఊక వస్తుంది. అదంతా మీ బాయిలర్‌లోనే కాలిస్తే 700–800 కిలోల బూడిద తేలుతుంది. నీళ్ళ సంగతికొస్తే, టన్ను ధాన్యానికి 1,250 లీటర్ల చొప్పున రోజుకు 25,000 లీటర్లు పోస్తారు. 13 శాతం తేమ ఉన్న ధాన్యం 30 శాతానికి నానేసరికి పీల్చుకునేది 5,000 లీటర్లే. మిగిలిన 20,000 లీటర్లూ మీ కాలువ పట్టుకుని మహేంద్రతనయ నది వైపే పోతున్నాయి.

బూడిద విషయంలో చిమ్నీ ఎత్తు పెంచమని చాలామంది చెబుతారు. ఎత్తు పెంచితే బూడిద ఇంకా దూరం వెళ్ళి పడుతుంది తప్ప తగ్గదు. ముందు సైక్లోన్ (పొగను సుడి తిప్పి బూడిదను కిందికి రాల్చే గరాటు లాంటి డబ్బా) అడుగున ఉండే రోటరీ ఎయిర్‌లాక్ వాల్వ్ చూడండి. బూడిదను కిందికి దించుతూనే గాలిని ఆపే తిరుగుడు వాల్వ్ అది. ఫ్యాన్ గాలిని లాగుతుంటుంది కాబట్టి అక్కడ చిన్న సందు ఉన్నా బయటి గాలి లోపలికి దూరి, అడుగుకు చేరిన బూడిదను మళ్ళీ పైకి లేపి చిమ్నీలోకి పంపేస్తుంది. మంచి సైక్లోన్ కూడా పని చేయనట్టు కనిపించేది ఎక్కువగా ఇందుకే. బాయిలర్ నడుస్తుండగా వాల్వ్ అంచుల దగ్గర వెలిగించిన అగరుబత్తి పట్టుకోండి. పొగ లోపలికి లాక్కుపోతే అక్కడ లీకు ఉన్నట్టే. ఊక బూడిదలో ఎక్కువ భాగం సిలికా (ఇసుకలో ఉండే పదార్థమే), గరుకుకాగితంలా వాల్వ్ రబ్బరు రెక్కల్ని అరగదీస్తుంది. సీజన్ మొదలయ్యే ముందే వాటిని మార్చేయండి.

బూడిద నల్లగా వస్తుంటే ఊక పూర్తిగా కాలడం లేదు. ఒక్కసారిగా ఎక్కువ ఊక పడుతోందో, గాలి చాలడం లేదో చూడాలి. బాగా కాలితే నలుపు పోయి బూడిద రంగుకు తిరుగుతుంది. మంట 800 డిగ్రీలు దాటి చాలాసేపు నిలిస్తే మాత్రం సిలికా స్ఫటికంగా మారుతుంది. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్ని శాశ్వతంగా పాడుచేస్తుంది. బూడిద ఎత్తే కూలీలకు తువ్వాలు చాలదు, ఎన్95 మాస్కు ఇచ్చి తీరాలి. ఈ ఒక్క ఖర్చు దగ్గర మాత్రం వెనకాడకండి.

బూడిదను నీళ్ళతో కాలువలోకి కడిగేయడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి. బూడిదను ముందుకు తోసే స్క్రూ కన్వేయర్ (మరచుట్టు) మీద సన్నగా జల్లు పడేలా పెట్టండి. గుప్పెడు తీసి నొక్కితే ముద్ద కట్టాలి, వేళ్ళ సందుల్లోంచి నీరు కారకూడదు. ఆ తడి చాలు. మూడు వైపులా గోడ, పైన రేకు ఉన్న షెడ్డులో పోసి, లారీకి టార్పాలిన్ కప్పి పంపండి. ఇటుక బట్టీల వాళ్ళు తీసుకుంటారు. ఉక్కు కర్మాగారాల్లో కరిగిన ఉక్కు వేడి పోకుండా పైన కప్పడానికీ ఊక బూడిద వాడతారు, కానీ వాళ్ళకు పొడిగా, శుభ్రంగా ఉన్నదే కావాలి. అలాంటి బేరం కుదిరితే తడపకుండా నేరుగా సంచుల్లోకి దించాలి. యార్డు ఊడ్చిన మట్టి, ప్లాస్టిక్ దాంట్లో కలిపారా, ఇక ఎవరూ కొనరు.

ఇక వాసన. చన్నీళ్ళలో రెండు మూడు రోజులు నానబెడితే ధాన్యం పులుస్తుంది, కుళ్ళు కంపు దాంట్లోంచే వస్తుంది. 65–70 డిగ్రీల వేడి నీళ్ళలో అయితే 3–4 గంటల్లో నానుతుంది. బాయిలర్ ఎలాగూ ఉంది కాబట్టి ఈ మార్పు ముందు చేయండి, సగం గొడవ తగ్గుతుంది. తర్వాత నీటి శుద్ధి: జల్లెడ, ఒక రోజు నీళ్ళు పట్టే నిల్వ తొట్టి, పులుపు విరిచే సున్నం, గాలి ఊదే తొట్టి, తేర్చే తొట్టి, చివర ఇసుక ఫిల్టరు. ఖర్చు తగ్గుతుందని నిల్వ తొట్టిని వదిలేస్తుంటారు. పొద్దున్నే ధాన్యం నానబెట్టిన తొట్లన్నీ ఒక్కసారి వదిలితే ఆ పులుపుకు, ఆ బరువుకు గాలి తొట్టిలో మురికిని తినే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. 20,000 లీటర్లనూ 24 గంటలకు సర్ది, గంటకు 800–850 లీటర్ల చొప్పున పంపండి.

గాలి తొట్టిలో ఆ జీవులు పెరగడానికి, నడుస్తున్న మరో నీటి శుద్ధి ప్లాంటు మడ్డిగానీ వడగట్టిన పేడనీళ్ళుగానీ వేసి మొదలుపెట్టండి. మొదటి వారం పావు వంతు నీళ్ళే పంపండి. ఆ తర్వాత రోజూ గాలి తొట్టిలోంచి లీటరు నీళ్ళు గాజు జాడీలోకి తీసి 30 నిమిషాలు కదపకుండా ఉంచండి. గోధుమరంగు మడ్డి 250–400 మి.లీ. గీతల మధ్య పేరుకుని, పైన నీరు తేటపడితే తొట్టి ఆరోగ్యంగా ఉంది. 50 మి.లీ. కూడా లేకపోతే జీవులు పెరగలేదు. 800 దగ్గరే వేలాడుతూ దిగకపోతే గాలి చాలడం లేదు, లేదా నీళ్ళు ఇంకా పుల్లగా ఉన్నాయి. మిల్లు ఆగిన వారాల్లో బెల్లం నీళ్ళు, కాస్త యూరియా వేస్తూ బ్లోయర్ నడపండి. లేదంటే సీజన్ రాగానే అంతా మొదటికొస్తుంది. వాగులోకి వదలాలంటే బీఓడీ (నీటిలోని మురికిని సూక్ష్మజీవులు తినడానికి పట్టే ఆక్సిజన్ కొలత) లీటరుకు 30 మిల్లీగ్రాములు, పొలాలకైతే 100 దాటకూడదు. పీహెచ్ (పులుపు, క్షారాల కొలత; 7 అయితే రెండూ కాదు) 5.5–9 మధ్య ఉండాలి. మండలి మీకిచ్చిన కన్సెంట్ (అనుమతి) పత్రంలో వేరే అంకె ఉంటే దాన్నే పాటించాలి.

ప్రశ్న: రాయగడలో నాకు లారీ గ్యారేజీ ఉంది. కాలిన ఇంజనాయిల్‌ను బట్టీల వాళ్ళు మండించుకోవడానికి కొనుక్కుపోతున్నారు. తప్పా?
– ఒక మెకానిక్

జవాబు: తప్పే. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల ప్రకారం వాడేసిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థం. ఇంజను అరుగుదలతో వచ్చిన లోహాలు దాంట్లో ఉంటాయి. బట్టీలో మండిస్తే అవి పొగతో పాటు ఊరి మీద పడతాయి. కాలుష్య నియంత్రణ మండలి దగ్గర ఆథరైజేషన్ (అనుమతి) తీసుకుని, రిజిస్టరైన రీసైక్లర్‌కే అమ్మాలి.

డ్రమ్మును గచ్చు మీద, రేకు కింద పెట్టి చుట్టూ చిన్న గట్టు కట్టండి. డ్రమ్ము పగిలితే ఆయిలంతా ఆ గట్టులోనే ఆగాలి, పైగా పదో వంతు జాగా మిగలాలి. కూలెంట్, కిరోసిన్, కడిగిన నీళ్ళు ఆ డ్రమ్ములో పోయకండి. నీళ్ళు, కూలెంట్ కలిస్తే తెల్లగా మజ్జిగలా చిక్కబడుతుంది, రీసైక్లర్ వద్దంటాడు. అప్పుడు అదే ఆయిల్‌ను వదిలించుకోవడానికి మీరే డబ్బు కట్టాలి. ఫిల్టర్లను వేడిగా ఉండగానే బొక్క కొట్టి, బోర్లించి రాత్రంతా కారనివ్వండి. నూనె గుడ్డలకు, తడిసిన రంపపు పొట్టుకు వేరే డబ్బా పెట్టండి. పసుపు రంగు లేబుల్ మీద ఎర్ర అక్షరాలతో ‘ప్రమాదకర వ్యర్థం’ అని హిందీ, ఇంగ్లీషు, ఒడియాల్లో రాయించండి. 90 రోజులకు మించి నిల్వ ఉంచకూడదు. ఏడాదికి 10 టన్నుల లోపు వాళ్ళకు మండలి అనుమతితో 180 రోజుల దాకా వీలుంది. లోడు వెళ్ళినప్పుడల్లా ఫారం 10 మేనిఫెస్టు (లోడు వెంట వెళ్ళే పత్రం) ఉండాలి, ఫారం 4 వార్షిక రిటర్ను జూన్ 30 లోగా వేయాలి. కాలువలో మాత్రం చుక్క కూడా పోయవద్దు. అది నాగావళిలో కలిసి శ్రీకాకుళం దాకా పోతుంది.

ప్రశ్న: దమన్‌జోడి అల్యూమినా ఫ్యాక్టరీ ఎర్ర మడ్డి మెత్తటి బంకమట్టిలా ఉంటుంది. గోడలకు మెత్తుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, కొరాపుట్ జిల్లా

జవాబు: వద్దమ్మా. బాక్సైట్ ఖనిజాన్ని కాస్టిక్ సోడాతో ఉడికించి అల్యూమినా (అల్యూమినియం తయారీకి ముడిసరుకు) తీశాక మిగిలే మడ్డి అది. టన్ను అల్యూమినాకు టన్ను నుంచి టన్నున్నర దాకా వస్తుంది. ఎరుపు ఇనుముది, మన కొండమట్టి ఎరుపూ ఇనుముదే కాబట్టి చూపుకు తేడా తెలియదు. కానీ ఈ మడ్డిలో సోడా మిగిలి ఉంటుంది, పీహెచ్ 10 పైనే. చేతులు పుండ్లు పడతాయి. గోడ ఆరాక తెల్లటి ఉప్పు పైకి పొంగి పెచ్చులూడుతుంది, ఆ దుమ్ము పిల్లల కళ్ళలో పడుతుంది. హంగరీలోని అయ్‌కాలో 2010 అక్టోబర్ 4న ఇలాంటి మడ్డి చెరువు గట్టు తెగి 10 మంది చనిపోయారు. చాలామందికి ఒళ్ళు కాలింది.

సిమెంటు ఫ్యాక్టరీల్లో కొలత ప్రకారం దీన్ని వాడతారు, అది ఇంట్లో చేసే పని కాదు. ఫ్యాక్టరీ మడ్డి చెరువు దిగువన ఉండేవాళ్ళు బావి నీటిని పీహెచ్ కాగితంతో చూసుకుంటూ ఉండండి. 8.5 దాటితే తాగడం ఆపి, పంచాయతీ ద్వారా పరీక్షకు పంపండి. మడ్డి కంట్లో పడితే నలపకుండా 15 నిమిషాలు ధారగా నీళ్ళు పోసి కడిగి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.