ట్రాన్స్‌ఫార్మర్ ముందు, డేటా సైన్స్ తరువాత

ప్రశ్న: మా అమ్మాయి ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. సముద్రంలోని పవన విద్యుత్ కేంద్రాల్లో ట్రాన్స్‌ఫార్మర్ల లోపాలను ముందే పసిగట్టే ప్రిడిక్టివ్ మెయింటెనెన్స్ రంగంలో స్థిరపడతానంటోంది. చదువు పూర్తవగానే డేటా సైన్స్ కోర్సులో చేర్పించమంటారా? ఉద్యోగమంతా సముద్రం మీదే ఉంటుందా?

జవాబు: మీ అమ్మాయి ఎంచుకున్న రంగం చిన్నదే అయినా, దాని అవసరం విషయంలో సందేహం లేదు. గాలిమరల నుంచి సాధారణంగా 33 లేదా 66 కిలోవోల్టుల వద్ద వచ్చే విద్యుత్తును సముద్రంలోని సబ్‌స్టేషన్ వేదికపై ఉండే పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు మరింత పై వోల్టేజీకి పెంచి తీరానికి పంపుతాయి. డెన్మార్క్‌లోని నిస్టెడ్ కేంద్రంలో 72 గాలిమరలకూ కలిపి ఉన్న ఒకే ఒక్క ప్రధాన ట్రాన్స్‌ఫార్మర్ 2007లో చెడిపోయినప్పుడు ఉత్పత్తి నెలల తరబడి నిలిచిపోయింది. నేల మీదైతే క్రేన్, ట్రక్కులతో సరిపోయే పనికి అక్కడ భారీ నౌక కావాలి; అల కాస్త ఎత్తుగా లేస్తే సిబ్బందిని చేరవేసే పడవ కూడా వేదిక దగ్గరకు వెళ్లలేదు. అందుకే లోపం ముదరక ముందే తెలుసుకోవడానికి నిర్వాహకులు డబ్బు వెచ్చిస్తున్నారు.

ఇక కోర్సు సంగతి. వెంటనే చేర్పించవద్దనే నా సలహా. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు తరచుగా చెడిపోవు కాబట్టి, కంప్యూటరుకు నేర్పడానికి కావలసినన్ని వైఫల్యాల ఉదాహరణలు ఏ ఒక్క సంస్థ దగ్గరా ఉండవు. ఉన్న కొద్దిపాటి సమాచారానికి అర్థం చెప్పేది యంత్రం లోపల ఏం జరుగుతుందో తెలిసిన మనిషే.

ఒక ఉదాహరణ చూడండి. ట్రాన్స్‌ఫార్మర్ నూనెలో కరిగిన వాయువులను పరీక్షించడం ఈ రంగంలో ప్రధానమైన పద్ధతి. పాక్షిక డిశ్చార్జి (ఇన్సులేషన్‌లో కొంత మేర మాత్రమే జరిగే చిన్న విద్యుత్ ఉత్సర్గం) ఉంటే ముఖ్యంగా హైడ్రోజన్, నూనె విపరీతంగా వేడెక్కితే ఇథిలీన్, ఆర్కింగ్ (విద్యుత్తు నిప్పురవ్వలా ఎగసిపడటం) జరిగితే ఎసిటిలీన్ పెరుగుతాయి. ప్రధాన ట్యాంకులో ఎసిటిలీన్ పెరిగిందని తెరపై కనిపించగానే, కోడింగ్ మాత్రమే తెలిసిన వ్యక్తి ట్రాన్స్‌ఫార్మర్‌ను ఆపేయమంటాడు. అనుభవజ్ఞుడు మాత్రం ముందుగా టాప్ చేంజర్ (వోల్టేజీని సర్దుబాటు చేసే స్విచ్) గది నుంచి నూనె ప్రధాన ట్యాంకులోకి కారుతోందేమోనని అడుగుతాడు, ఎందుకంటే నూనెలోనే కాంటాక్టులు తెరుచుకునే రకం టాప్ చేంజర్‌లో ఆర్కింగ్ రోజువారీ వ్యవహారం. ఎసిటిలీన్ పరిమాణం హైడ్రోజన్ కంటే రెండు మూడు రెట్లు మించి ఉంటే ఆ అనుమానం బలపడుతుందని అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణాల సంస్థ ఐఈసీ రూపొందించిన 60599 ప్రమాణం చెబుతోంది. ఈ ఒక్క ప్రశ్న తట్టకపోతే, ఏ లోపమూ లేని ట్రాన్స్‌ఫార్మర్ కోసం నౌకను పిలిపించవలసి వస్తుంది.

ఉష్ణోగ్రత విషయంలోనూ ఇదే చిక్కు ఉంది. గాలి పెరిగినా తగ్గినా లోడు వెంటనే మారుతుంది, వైండింగ్ (లోపలి తీగచుట్ట) వేడి నిమిషాల్లో మారుతుంది, నూనె మాత్రం గంటల తరబడి వెనకబడి ఉంటుంది. కాబట్టి నూనె ఇన్ని డిగ్రీలు దాటితే హెచ్చరిక అనే ఒక్క గీత పెద్దగా ఉపయోగపడదు. అప్పటి లోడుకూ బయటి వాతావరణానికీ ఉండవలసిన ఉష్ణోగ్రతను లెక్కగట్టి, వాస్తవం దానికి ఎంత దూరంలో ఉందో గమనించాలి. ఆ తేడా నెమ్మదిగా పెరుగుతూ పోతే కూలర్లు ఉప్పు పేరుకుని మూసుకుపోతున్నాయేమో చూడాలి.

అందువల్ల మిగిలిన కాలేజీ రోజుల్లో అమ్మాయి హై వోల్టేజ్ ఇంజనీరింగ్, ఇన్సులేషన్, రక్షణ వ్యవస్థల సబ్జెక్టులను గట్టిగా చదవాలి. పైథాన్, స్టాటిస్టిక్స్ వాటితోపాటే నేర్చుకోవచ్చు, వాటికి విడిగా ఏడాది కేటాయించనక్కరలేదు. చివరి సంవత్సరం ప్రాజెక్టుకు ఈటీటీ అనే పేరుతో ఉచితంగా దొరికే డేటాను వాడవచ్చు. అందులో ట్రాన్స్‌ఫార్మర్ నూనె ఉష్ణోగ్రత, లోడు వివరాలు ఉన్నాయి కానీ బయటి ఉష్ణోగ్రత లేదు. ఆ లోటు అంచనాలను ఎక్కడెక్కడ దెబ్బతీస్తోందో ఆమె వివరించగలిగితే, ఇంటర్వ్యూలో అది ఏ సర్టిఫికెట్ కన్నా ఎక్కువ పనికొస్తుంది.

సముద్రం గురించి మీ ఆందోళన సహజమే. విశ్లేషణ చేసేవారు ఎక్కువగా తీరంలోని కార్యాలయాల్లోనే పనిచేస్తారు. సెన్సర్లు అమర్చడం, నూనె నమూనాలు తీయడం వంటి పనులకు వెళ్లేవారికి వైద్య పరీక్షలతోపాటు జీడబ్ల్యూవో (గ్లోబల్ విండ్ ఆర్గనైజేషన్) ప్రాథమిక భద్రతా శిక్షణ అడుగుతారు. ఎత్తులో పని, సముద్రంలో ప్రాణరక్షణ అందులో భాగాలు, దాన్ని రెండేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. అయినా తొలి ఏళ్లలో కొన్నిసార్లయినా వేదిక మీదికి వెళ్లే అవకాశం వస్తే వదులుకోవద్దని అమ్మాయికి చెప్పండి.

తొలి ఉద్యోగం పవన విద్యుత్ సంస్థలోనే దొరకాలన్న పట్టుదల అవసరం లేదు. ట్రాన్స్‌ఫార్మర్ల తయారీ సంస్థలో టెస్టింగ్ విభాగం గానీ, నేల మీది సబ్‌స్టేషన్ నిర్వహణ గానీ దొరికితే రెండు మూడేళ్లు అక్కడ పనిచేయనివ్వండి. డేటా సైన్స్ కోర్సు ఆ తరువాత అవసరమనిపిస్తే, ఏ భాగం నేర్చుకోవాలో అప్పటికి ఆమెకే తెలుస్తుంది.