నాలుగు స్లెడ్లకూ మీరొక్కరే సంతకం పెట్టకండి

ప్రశ్న: మిషిగన్‌లోని నోవైలో ఉంటున్నాం. నా వయసు 36, హెచ్1బీ మీద ఉద్యోగం. భార్య, నాలుగేళ్ల పాప ఉన్నారు. ఫిబ్రవరి మూడో వారంలో నలుగురు స్నేహితులం కలిసి మిషిగన్ ఉత్తర భాగమైన అప్పర్ పెనిన్సులాలో నాలుగు రోజుల స్నోమొబైల్ (మంచు మీద నడిపే మోటారు బండి, దీన్నే స్లెడ్ అంటారు) టూర్‌కి వెళ్దామనుకుంటున్నాం. మ్యూనిసింగ్‌లో బయల్దేరి గ్రాండ్ మరేస్, పారడైజ్, న్యూబెరీ మీదుగా తిరిగి రావాలి. స్లెడ్ నడిపిన అనుభవం ఎవరికీ లేదు. అద్దె రోజుకు 320 డాలర్లు. పాయింట్లు వస్తాయి కదా అని నాలుగు బండ్లూ నా క్రెడిట్ కార్డు మీదే బుక్ చేద్దామనుకున్నాను. ఒక స్నేహితుడు మాత్రం తలా 7 వేలు పెట్టి సెకండ్ హ్యాండ్ బండ్లు కొనేద్దాం అంటున్నాడు. ఎమర్జెన్సీ ఫండ్ 11 వేలు ఉంది, నెల ఖర్చు 4,600. కార్డు బాకీ 3,800, వడ్డీ 24 శాతం. ఇండియాకు పంపేది పోను నెలకు 700 మిగులుతుంది. డిసెంబర్‌లో బోనస్ 3,500 చేతికొస్తుంది. ట్రిప్ తలా 1,300లో అయిపోతుందంటున్నారు. వెళ్లొచ్చా?

జవాబు: వెళ్లొచ్చు. మీ లెక్కలో ఆ ట్రిప్‌కి చోటుంది. అయితే 1,300లో అవదు, నాలుగు బండ్లూ మీ కార్డు మీద అసలే వద్దు. ముందు ఈ రెండో సంగతే చెప్తాను, ఎందుకంటే మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కంగారు పెట్టింది అదే.

మీరు జతచేసిన అద్దె ఒప్పందం చదివాను. డిపాజిట్ బండికి 2,500. రోజుకు 35 డాలర్ల డ్యామేజ్ వేవర్ (బండి దెబ్బతింటే మీ బాధ్యతను తగ్గించే అదనపు ఫీజు) తీసుకుంటే మీ బాధ్యత ఆ 2,500 దాటదు. కానీ ట్రయల్ (స్నోమొబైళ్ల కోసం గుర్తించిన దారి) వదిలి పక్కకు వెళ్లినా, గడ్డకట్టిన సరస్సు మీదికి ఎక్కించినా, మందు తాగి నడిపినా, ఒప్పందంలో పేరు లేనివాళ్లకు ఇచ్చినా వేవర్ చెల్లదు. అప్పుడు బండి పూర్తి ధర, అంటే 16 వేలు, సంతకం పెట్టినవాళ్లే కట్టాలి. రెండో పేజీ కింద చిన్న అక్షరాల్లో ఇంకో రెండు క్లాజులున్నాయి. బండి రిపేర్‌లో ఉన్నన్ని రోజుల అద్దె మీదే. అడవిలో ఆగిపోయిన బండిని లాక్కొచ్చే ఖర్చు కూడా మీదే, అదీ గంటల లెక్కన. ఇప్పుడు నాలుగు బండ్లకూ మీ పేరే ఉందనుకోండి. ఎవరో మలుపులో చెట్టుకు కొట్టి ముందు స్కీ, దాన్ని బండికి కలిపే ఎ-ఆర్మ్ వంచేస్తే షాపువాళ్లు అడిగేది మిమ్మల్నే. ఆ స్నేహితుడు మంచివాడే కావచ్చు, నెమ్మదిగా ఇస్తాడు కూడా. ఈలోపు 24 శాతం వడ్డీ మాత్రం మీ కార్డు మీద నడుస్తుంది. పాయింట్ల రూపంలో వచ్చేది యాభై డాలర్లకు అటూ ఇటూ, మీద పడేది 10 వేల డాలర్ల డిపాజిట్ హోల్డ్, అంటే కార్డు మీద అంత సొమ్ము ఆపి ఉంచడం. ఎవరి బండికి వాళ్లే సంతకం, ఎవరి కార్డు వాళ్లదే. స్నేహం చెడకుండా ఉండాలన్నా ఇదే దారి.

కారు పాలసీ ఉంది కదా అనుకోవద్దు, అది స్నోమొబైల్‌కి పనికిరాదు. క్రెడిట్ కార్డు ఇచ్చే రెంటల్ కవరేజీ కూడా కార్లకే, ఇలాంటి బండ్లను మినహాయిస్తారు. మీ వల్ల ఇంకొకరికి దెబ్బ తగిలితే రెంటర్స్ (అద్దె ఇంటి) లేదా ఇంటి పాలసీలోని లయబిలిటీ భాగం కొన్నిసార్లు ఆదుకుంటుంది. మీ కంపెనీకి ఈమెయిల్ పెట్టి, అద్దె స్నోమొబైల్‌కి వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఫోన్‌లో చెప్పిన మాట రేపు చెల్లదు.

హెల్త్ ఇన్సూరెన్స్‌లో చాలామంది చూడని విషయం తేదీ. మీ ప్లాన్ డిడక్టబుల్, అంటే ఇన్సూరెన్స్ కట్టడం మొదలుపెట్టేలోపు మీరు భరించాల్సిన మొత్తం, 4 వేలు, జనవరి 1తో మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ఫిబ్రవరిలో చెయ్యి విరిగితే మొదటి డాలర్ నుంచీ మీ జేబులోదే. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న నో సర్‌ప్రైజెస్ చట్టం వల్ల ఎమర్జెన్సీ వైద్యానికీ, ఎయిర్ అంబులెన్స్‌కీ నెట్‌వర్క్ బయట అని చెప్పి మిగతా బిల్లు మీ నెత్తిన వేయడానికి లేదు. రోడ్డు మీద వచ్చే అంబులెన్స్‌కి మాత్రం ఆ రక్షణ లేదు. పారడైజ్ లాంటి ఊరి నుంచి ఆసుపత్రికి చాలా దూరం, మైళ్ల లెక్కన బిల్లు పెరుగుతుంది. అందుకే ఆ 11 వేలూ ట్రిప్ ఖర్చుకు ముట్టుకోవద్దు. పైగా ఉద్యోగం పోతే హెచ్1బీ వాళ్లకు ఉండేది 60 రోజుల వరకే గడువు. మీ ఫండ్ రెండున్నర నెలల ఖర్చుకు కూడా చాలదు.

ఇక నిజమైన ఖర్చు చూద్దాం. అద్దె 1,280. హెల్మెట్, బిబ్స్ (మంచులో వేసుకునే ప్యాంటు), బూట్లు రోజుకు 40 చొప్పున 160. పన్ను 6 శాతం. వేవర్ 140. స్లెడ్లకు పెట్రోల్ 130 వేసుకోండి, రోజుకు 120 మైళ్లు, గాలన్‌కి 15 మైళ్లు అనుకుంటే సరిపోతుంది. గది ఇద్దరు పంచుకుంటే ఐదు రాత్రులకు మీ వాటా 325, తిండికి 300. నోవై నుంచి కారు పెట్రోల్, మాకినాక్ వంతెన టోల్ కలిపి వాటాకు 50. నలుగురికీ ఒక శాటిలైట్ మెసెంజర్ (ఫోన్ సిగ్నల్ లేనిచోటా సందేశం పంపే పరికరం) అద్దెకు తీసుకోండి, తలా 20 పడుతుంది. అన్నీ కలిపితే 2,500 దగ్గరికి వస్తుంది. మిషిగన్ ట్రయల్ పర్మిట్ ఇటీవలి సీజన్లలో 52 డాలర్లు. అద్దె బండికి ఆ స్టిక్కర్ సాధారణంగా షాపువాళ్లే అతికించి ఉంచుతారు, బిల్లులో విడిగా వేశారేమో చూసుకోండి.

శాటిలైట్ మెసెంజర్ దగ్గర మాత్రం పీనాసితనం చూపించొద్దు. ఆ ట్రయల్స్‌లో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు.

డబ్బు ఇలా సర్దండి. సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా మిగిలే 700 మొత్తం కార్డుకే కట్టండి. వడ్డీతో కలిపి చూస్తే డిసెంబర్ చివరికి సుమారు 1,230 బాకీ ఉంటుంది. బోనస్‌లోంచి అది తీర్చేస్తే 2,270 చేతిలో మిగులుతుంది. జనవరి 700 కలిపితే ట్రిప్ ఖర్చు నగదుగా వచ్చేస్తుంది, ఇంకా నాలుగైదు వందలు మిగులుతాయి కూడా. బాకీ లేని కార్డు మీద మీ ఒక్క బండి డిపాజిట్ హోల్డ్ హాయిగా పడుతుంది. బోనస్ ఆలస్యమైతే? ట్రిప్ వచ్చే ఏడాదికి జరపండి, అప్పు చేసి వెళ్లొద్దు.

కొనడం గురించి నా మాట స్పష్టంగా చెప్తాను: వద్దు. 7 వేలతో అది ఆగదు. 6 శాతం పన్ను, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్, ట్రెయిలర్, దాన్ని కారుకు తగిలించే హిచ్, మిగతా ఎనిమిది నెలలు దాన్ని పెట్టుకోవడానికి చోటు, ఇవన్నీ ఉన్నాయి. రాష్ట్ర ట్రయల్స్ తెరిచి ఉండేది డిసెంబర్ 1 నుంచి మార్చి 31 దాకానే, అదీ మంచు పడితేనే. 2023-24 శీతాకాలంలో మంచు లేక అప్పర్ పెనిన్సులాలో పేరున్న 'యూపీ 200' అనే, కుక్కలు లాగే స్లెడ్ల పందెం కూడా రద్దయింది. సుపీరియర్ సరస్సు గాలి వల్ల అక్కడ మంచు విపరీతంగా పడుతుందన్నది నిజమే, కానీ ప్రతి ఏడాదీ అని లెక్క వేసుకోలేం. కాబట్టి బుక్ చేసే ముందు రెండు ప్రశ్నలు అడగండి: మంచు లేక ట్రయల్స్ మూసేస్తే డబ్బు వెనక్కిస్తారా, లేక వచ్చే సీజన్‌కి క్రెడిట్ ఇస్తారా? మోటెల్ ఎన్ని రోజుల ముందు రద్దు చేస్తే ఉచితం?

ఎవరికీ అనుభవం లేదన్నారు కాబట్టి ఒక ఖర్చు మాత్రం కలపమంటాను. జనవరిలో ఒక శనివారం గేలార్డ్ వైపు వెళ్లి పూటకు అద్దె తీసుకుని నడిపి చూడండి. పైన మిగిలిన ఆ నాలుగైదు వందల్లోంచే పెట్టొచ్చు. ఎవరికైనా భయమేస్తే అక్కడే తెలిసిపోతుంది, రెండు వేల డాలర్లు కట్టాక కాదు. ట్రయల్ పక్కన ఉండే బార్ల విషయంలో కూడా ముందే మాట అనుకోండి. మిషిగన్‌లో స్నోమొబైల్‌కీ రక్తంలో ఆల్కహాల్ పరిమితి 0.08 శాతమే. పట్టుబడితే వేవర్ పోవడం సరే, మీలాంటివాళ్లకు వీసా టెన్షన్ కూడా మొదలవుతుంది.

బండి తీసుకునే రోజు ఉదయం తొందరపడకండి. షాపు మనిషి ఎదురుగానే స్కీల కింది కార్బైడ్లు (మంచును పట్టుకునే లోహపు కడ్డీలు), ఎ-ఆర్మ్స్, విండ్‌షీల్డ్, ట్రాక్ అన్నీ ఫోన్‌లో వీడియో తీయండి, ఓడోమీటర్ కనబడేలా. ఉన్న గీతలన్నీ చెక్-అవుట్ ఫారం మీద రాయించండి. డ్రైవ్ బెల్ట్ తెగితే ఖర్చు ఎవరిదో అడగండి, అదొక్కటే 150 డాలర్ల పైన ఉంటుంది. ఇండియాలో తీసుకున్న టర్మ్ పాలసీకి యాక్సిడెంట్ రైడర్ ఉంటే సాహస క్రీడల మినహాయింపు ఉందేమో ఈ నెలలోనే చదవండి. ఆ పాలసీ నంబర్లు, హెల్త్ కార్డు ఫొటో, ఏ రాత్రి ఏ మోటెల్‌లో ఉంటారో ఆ వివరాలు మీ ఆవిడ దగ్గర ఒక కాపీ ఉంచి బయల్దేరండి.