టెలిస్కోప్ అద్దంపై దుమ్ము కనిపిస్తే వెంటనే తుడవాలా?

అక్కర్లేదు. పలుచని దుమ్ము వల్ల దృశ్యం దాదాపు ఏమీ పాడవదు, కానీ తుడిస్తే అద్దమే పాడవుతుంది.

అద్దం మీద కాంతిని తిప్పికొట్టే అల్యూమినియం పూత మందం సుమారు 100 నానోమీటర్లే. గాల్లోని దుమ్ములో ఇసుక రేణువులుంటాయి, అవి అల్యూమినియం కన్నా చాలా గట్టివి. మెత్తటి గుడ్డతో రుద్దినా అవే గీతలు పెడతాయి. ఆ గీతలు ఇక పోవు. హవాయిలో 8.2 మీటర్ల సుబారు టెలిస్కోప్ అద్దాన్ని కూడా మధ్యమధ్యలో గుడ్డతో తుడవరు, కార్బన్ డయాక్సైడ్ మంచు పలుకులు చల్లుతారు. అవి ఆవిరవుతూ దుమ్మును లేపేస్తాయి.

టార్చ్ వేసి చూస్తే ఏ అద్దమైనా భయంకరంగానే కనిపిస్తుంది, టెన్షన్ పడకండి. దుమ్ము మచ్చలు చంద్రుడి మీద కనిపిస్తాయనుకోవడం చాలామంది చేసే పొరపాటు. అద్దం మీది రేణువు ఫోకస్‌లో ఉండదు, కాస్త కాంతిని మాత్రమే ఆపుతుంది. 200 మి.మీ. న్యూటోనియన్‌లో (రెండు అద్దాల టెలిస్కోప్) పెద్ద అద్దం ముందుండే 50 మి.మీ. చిన్న అద్దం ఒక్కటే 6 శాతానికి పైగా కాంతిని అడ్డుకుంటుంది, అయినా బొమ్మ చక్కగానే వస్తుంది!

అసలు జాగ్రత్త పడాల్సింది తేమతో. తడిసిన దుమ్ము అంటుకుపోతుంది. చలిలోంచి లోపలికి తెచ్చేముందే మూత పెట్టండి. మంచు పట్టేసి ఉంటే మాత్రం లోపల మూత తీసి, దానంతట అది ఆరనివ్వండి.