బడి కోసం పిల్లలు కార్లు కడిగితే బాధ్యత ఎవరిది?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. లైబ్రరీకి పుస్తకాలు, బీరువాలు కొనడానికి పేరెంట్స్ కమిటీ తరఫున ఒక ఆదివారం బడి ఆవరణలో కార్లు, బైకులు కడిగే కార్యక్రమం పెడదామనుకుంటున్నాం. పక్కనే మెహందీ స్టాల్ కూడా ఉంటుంది. 7 నుంచి 10వ తరగతి పిల్లలు చేస్తారు. ‘ఏం జరిగినా బడికి సంబంధం లేదు’ అని తల్లిదండ్రులతో కాగితం రాయించుకుంటే చాలని కొందరంటున్నారు. నిజమేనా?

జవాబు: చాలదమ్మా. బిడ్డకు దెబ్బ తగిలితే పరిహారం అడిగే హక్కు ఆ బిడ్డది. ఆ హక్కును తల్లిదండ్రులు ముందే వదులుకుంటూ సంతకం పెట్టినా అది కోర్టులో నిలబడటం చాలా కష్టం. 1995లో పంజాబ్‌లోని ఒక బడి పిల్లలు పిక్నిక్‌కు వెళ్లి బియాస్ నదిలో 14 మంది మునిగిపోయారు. వెంట వెళ్లిన టీచర్ల నిర్లక్ష్యానికి యాజమాన్యమే జవాబుదారీ అంటూ సుప్రీంకోర్టు 2001లో ఒక్కో బిడ్డకు 5 లక్షల పరిహారాన్ని ఖాయం చేసింది. పిల్లలు మీ చేతిలో ఉన్నంతసేపు తల్లిదండ్రులు చూపేంత శ్రద్ధ మీరూ చూపాలి. కోర్టు మొదట అడిగేది దాని గురించే.

ముందు వయసు సంగతి. 7వ తరగతి పిల్లలకు, 8లో చాలామందికి 14 ఏళ్లు నిండవు. బాల కార్మిక చట్టం 2016 సవరణ తర్వాత 14 ఏళ్ల లోపు వారిని ఏ పనిలోనూ పెట్టుకోకూడదు, పని చేయనివ్వకూడదు. బడి అయ్యాక, సెలవుల్లో ఇంటివాళ్లకు సాయపడటం, సినిమా, టీవీల్లో నటించడం లాంటివే మినహాయింపులు. అతిక్రమిస్తే 6 నెలల నుంచి 2 ఏళ్ల జైలు లేదా 20 వేల నుంచి 50 వేల జరిమానా, లేదా రెండూ. ఒక్క ఆదివారం బడి కోసం చేసినది ‘పని’ కిందికి వస్తుందా అన్నది వాదించదగ్గ విషయమే. కానీ ఆ వాదన హెడ్మాస్టరు గారి మెడకు చుట్టుకోవడం దేనికి? చిన్నపిల్లల్ని ఈ పనికి దించకండి. వాళ్లు పాటలు పాడతారు, బొమ్మలు వేస్తారు, అది చాలు.

కార్లు కడగడంలో నాకు అన్నిటికంటే భయం కలిగించేది కరెంటు. తడి నేల మీద మోటారు, అతుకుల వైరు, చెప్పుల్లేని కాళ్లు... ప్రెషర్ మోటారు మాట మరిచిపోండి. బకెట్లు, గుడ్డలతో కడిగించండి. తర్వాతిది తాళం చెవి. డబ్బు తీసుకోకపోయినా సరే, ఒకరి బండిని మీ చేతికి తీసుకున్నాక దాన్ని సొంత వస్తువులా జాగ్రత్తగా చూడాలని కాంట్రాక్ట్ చట్టం 151వ సెక్షన్ చెబుతుంది. గీత పడితే ఖర్చు మీ మీద పడొచ్చు. ‘కాస్త ముందుకు జరుపుతా’నని తొమ్మిదో తరగతి కుర్రాడు స్టీరింగ్ పట్టుకుంటే అది ఇంకా పెద్ద సమస్య. మైనరు బండి నడిపి నేరం చేస్తే మోటారు వాహనాల చట్టం 199ఏ ప్రకారం సంరక్షకుడికీ బండి యజమానికీ 3 ఏళ్ల వరకు జైలు, 25 వేల జరిమానా ఉంటాయి. అందుకే బండి పెట్టడం, తీయడం యజమాని చేతుల మీదుగానే జరగాలి. లోపలి విలువైన వస్తువులు ముందే తీసుకోమని బోర్డు పెట్టండి.

మెహందీలో ‘బ్లాక్ మెహందీ’ కోన్లు వద్దే వద్దు. వాటిలో కలిపే పీపీడీ అనే రసాయనం కొందరి చర్మం మీద బొబ్బలు తెప్పిస్తుంది. రుబ్బిన గోరింటాకే వాడండి.

ఎవరైనా పిల్లల్ని ఇళ్లకు పంపి ఇల్లు తుడిపిద్దాం, పసివాళ్లను చూసుకోమందాం అంటే ఒప్పుకోకండి. తెలియని ఇంట్లో నాలుగు గోడల మధ్య ఏం జరుగుతుందో మీరు చూడలేరు.

బడికి బీమా ఉంటే పాలసీ కాగితం చదవండి. ఆదివారం కార్యక్రమాలకూ, బయటివాళ్ల నష్టానికీ వర్తిస్తుందో లేదో కంపెనీని రాతపూర్వకంగా అడగండి. వచ్చిన డబ్బుకు రసీదు ఇచ్చి కమిటీ ఖాతాలో వేయండి, ఒకరి ఫోన్‌పేలోకి వద్దు. హెడ్మాస్టరు గారి అనుమతి కూడా కాగితం మీదే ఉండాలి.

తల్లిదండ్రుల సంతకం తీసుకోవద్దనడం లేదు, అందులో రాసే మాటలు మార్చమంటున్నాను. ఏ పని, ఎన్ని గంటలు, దగ్గర ఉండే పెద్దలెవరు, బిడ్డకు ఆస్తమా, ఎలర్జీ ఉన్నాయా, ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి రాయండి. ఆ కాగితాలను, ఆ రోజు ఎవరు ఎక్కడ చూసుకున్నారో రాసిన రిజిస్టరును పారేయకండి. మైనరుకు కేసు వేసే గడువు 18 నిండాకే మొదలవుతుంది, ఆ తర్వాత 3 ఏళ్ల దాకా అవకాశం ఉండొచ్చు. కాబట్టి పాల్గొన్నవారిలో అందరికంటే చిన్న బిడ్డకు 21 నిండేదాకా అవి బీరువాలో ఉండాలి.