మలుపని వాళ్లకి తెలీదు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

రెండో ప్రపంచయుద్ధం మీద నువ్వు రాసిన నవల రాతప్రతి అందింది. రెండు రాత్రులు కూర్చుని చదివాను. రష్యాలోని స్టాలిన్‌గ్రాడ్ భాగంలో, వోల్గా నది మీద పడవ నడిపే కుర్రాడు నన్ను పట్టేసుకున్నాడు. వాడు అరచేతులకి గుడ్డపేలికలు చుట్టుకునే చోట నా చేతులు కూడా చల్లబడ్డాయి.

కానీ మూడో అధ్యాయం చివర వాడి చేత "ఈ యుద్ధం ఇక్కడే మలుపు తిరుగుతుంది" అనిపించావు. నేను అక్కడ ఆగిపోయాను. వాడికెలా తెలుసమ్మా? నువ్వు రాసిన ఆ రాత్రి 1942 నవంబరు 18. అప్పటికి వారం కిందటే, 11వ తేదీ దాడిలో, జర్మన్లు మరోచోట నది ఒడ్డు దాకా వచ్చేశారు. బారికాడి ఫ్యాక్టరీ వెనక సోవియట్ సేనాని ల్యూద్నికోవ్ దళం చిన్న ఒడ్డుముక్క మీద చిక్కుకుపోయింది. నదిలో మంచుగడ్డలు కొట్టుకొస్తున్నాయి. అటు గడ్డకట్టి నడవనివ్వదు, ఇటు కరిగి పడవని పోనివ్వదు. తూటాలు రావడం లేదు, రొట్టె రావడం లేదు, గాయపడ్డవాళ్లని అవతలికి చేర్చడం కుదరడం లేదు. నగరాన్ని కాపాడుతున్న సోవియట్ 62వ సైన్యానికి అంతకంటే గడ్డు రోజులు లేవు. తెల్లవారితే ఉత్తరాన జర్మన్ల పక్షాన ఉన్న రుమేనియా సేనల మీద సోవియట్ దాడి మొదలవుతుందని, మర్నాడు దక్షిణాన కూడా విరుచుకుపడుతుందని, 23 నాటికి కలాచ్ పట్నం దగ్గర రెండు కొసలూ కలిసి, జర్మన్ల పక్షాన రెండున్నర లక్షలకు పైగా సైనికులు లోపల పడిపోతారని మనకి తెలుసు. 62వ సైన్యాన్ని నడిపిన చుయికోవ్‌కే ఆ కబురు చివరి ఘడియల్లో చేరింది. పడవ కుర్రాడికి ఎవరు చెబుతారు?

నీకు చెప్పాలనుకున్నది ఇదే. మలుపు అన్న మాట తర్వాత పుట్టింది. ఆ రోజు అక్కడున్నవాళ్లకి అది మామూలు రోజు, లేదా మహా చెడ్డ రోజు. నీ మనుషులకి ఆ రోజు ఎంత తెలుసో అంతే ఇవ్వు.

ముట్టడిలో పడ్డ జర్మన్లని చూడు. ఆ డిసెంబరులో వాళ్లు ఓడిపోయామనుకోలేదు. వాళ్ల సేనాని మాన్‌స్టైన్ ట్యాంకులతో వస్తున్నాడన్నారు, నిజంగానే వచ్చాడు, యాభై కిలోమీటర్ల దూరంలో ఆగిపోయాడు. విమానాల్లో సరుకంతా దింపుతానని జర్మన్ వైమానిక దళాధిపతి గోరింగ్ మాటిచ్చాడు. రోజుకి కనీసం 300 టన్నులు కావాల్సిన చోట సగటున 100 చుట్టుపక్కలే దిగింది. ఫిబ్రవరి 2కి అంతా ముగిసేసరికి సుమారు 91 వేల మంది బందీలయ్యారు. వాళ్లలో ఎన్నో ఏళ్లకి ఇల్లు చేరినవాళ్లు ఐదారు వేల మంది. నీ ఎనిమిదో అధ్యాయంలో జర్మన్ సైనికుడు ఇంటికి రాసే ఉత్తరంలో ఈ సంగతి ముందే వాసనేస్తోంది. తీసెయ్. వాడు వచ్చే పండక్కి ఇంట్లో ఉంటానని రాస్తాడు. చదివేవాళ్లకి గుండె పట్టేది అక్కడే.

పసిఫిక్‌లో అమెరికా, జపాన్ తలపడ్డ మిడ్వే అధ్యాయంలో నీ టెన్షన్ అంతా చివరి ఐదు నిమిషాల మీదే పెట్టావు. 1942 జూన్ 4న పదిన్నర కావస్తుండగా జపాన్ విమానవాహక ఓడలు అకాగి, కాగా, సోర్యూ మూడూ మంటల్లో పడడం చూడ్డానికి గొప్పగా ఉంటుంది, కాదనను. కానీ నువ్వు ఒక్క వాక్యంలో దాటేసిన అమెరికా ఎనిమిదో టార్పెడో స్క్వాడ్రన్ అనే విమానదళం దగ్గర కాసేపు నిలబడు. హార్నెట్ ఓడ నుంచి 15 విమానాలు లేచాయి, 15 కూలాయి. 30 మందిలో బతికింది జార్జ్ గే ఒక్కడు, నీళ్లలో తేలుతూ. వాళ్ల టార్పెడోల్లో ఒక్కటీ తగల్లేదు. మిగతా 29 మందికీ ఆ పొద్దు ఓటమి పొద్దే. కాసేపటికి ఏమైందో వాళ్లు చూడలేదు. గెలుపు గురించి రాసేటప్పుడు వాళ్లకి నాలుగు పేజీలైనా ఇవ్వకపోతే నాకు అన్యాయమనిపిస్తుంది.

ఇదంతా నాకు పుస్తకాలు నేర్పలేదు. మా అమ్మమ్మది విశాఖ. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులేశాయి. ఇత్తడి బిందెలు పెరట్లో పాతిపెట్టి, పిల్లల్ని బండెక్కించుకుని పల్లెకి పారిపోయామని చెప్పేది. ఆ తర్వాత నెలల తరబడి, జపానోడు మళ్లీ వస్తాడనే పడుకునేవాళ్లట. రెండు నెలలు తిరక్కుండానే మిడ్వేలో జపాన్ నాలుగు పెద్ద ఓడలు మునిగాయని ఆవిడ వినలేదు. జపాన్ కూడా తన జనానికే చెప్పలేదు, గెలిచామని ప్రకటించుకుంది. అమ్మమ్మ కథలో మలుపంటే, బిందెలు తవ్వి తీసిన రోజు. ఒకటి దొరకలేదని ఎనభై ఏళ్లప్పుడు కూడా బాధపడేది.

మ్యాపులు, తేదీలు బాగా పట్టావు, ఆ శ్రమ కనబడుతోంది. అవి నీ బల్ల మీదే ఉండనీ. మూడో అధ్యాయం మాత్రం మళ్లీ రాయి. ఆ రాత్రి పడవలో గాయపడ్డవాళ్లు ఎంతమంది, వాళ్లలో మాట్లాడుతున్నది ఎవరు, మంచుగడ్డ పడవకి తగిలినప్పుడు ఏ చప్పుడు వచ్చింది, అవతలి ఒడ్డున కుర్రాడికి తినడానికి ఏమైనా దొరికిందా? ముందు అది పంపు. మిగతా అధ్యాయాల మీద నేను రాసుకున్నవి దాని తర్వాత పంపిస్తాను.

ప్రేమతో,
మీ పెద్దమ్మ