ఫుట్‌పాత్ ఉన్నా జనం రోడ్డు మీదే ఎందుకు నడుస్తారు?

చాలావరకు కట్టిన తీరు వల్లే. రోడ్ల ప్రమాణాలు ఖరారు చేసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాల (ఐఆర్‌సీ 103) ప్రకారం నడకకు అడ్డులేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి. ఫుట్‌పాత్ అంచు గట్టు ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదు. మన హైదరాబాద్‌లో కొలత ఉన్నా, అందులోనే ట్రాన్స్‌ఫార్మర్, కరెంటు స్తంభం పెట్టేస్తారు. వాటి చోటు రోడ్డువైపు విడిగా వదిలే పట్టీలో.

అసలు తంటా గేట్ల దగ్గర. కారు కోసం ఫుట్‌పాత్‌నే తెగ్గొడతారు. గేటు గేటుకీ ఎక్కి దిగడం మోకాళ్ల నొప్పులున్నవాళ్ల తరమా? ఫుట్‌పాత్ అదే మట్టంలో సాగాలి, కారే ర్యాంపు ఎక్కి దాటాలి. రోడ్డు దాటేచోట మాత్రం వీల్‌చైర్‌కు 1:12 వాలు కావాలి: 150 మిల్లీమీటర్ల గట్టుకు 1.8 మీటర్ల పొడవు. అంతకన్నా నిటారుగా పోసిన సిమెంటు ముద్ద బైకులకే పనికొస్తుంది.